బొల్లి పాలు

సమ్మమ్మ మూడో రొమ్ము అందుకునేసరికి బర్రె వెనక కాలు కదిపింది. ఆమె లేవలేదు, చెంబు జరపలేదు. నుదురు దాని డొక్కకు ఇంకా గట్టిగా ఆనించింది.

"నిలవడు. యాడికి పోతవే అంత తొందరగ" అంది.

పాలధార మళ్లీ చెంబులో పడసాగింది. నొసట తెల్లమచ్చ ఉన్నందుకు ఆ బర్రె పేరు బొల్లి. సమ్మమ్మ పొద్దున్నే మొదటి మాట మాట్లాడేది దానితోనే. ఇంట్లోవాళ్లతో మాట్లాడితే తగువు అవుతుంది.

డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన మనిషి. పాలు పితికీ పితికీ బొటనవేళ్లు రెండూ లోపలికి వంగిపోయాయి. అన్నంలో కూర కలిపేటప్పుడు కూడా ఆ వేళ్లు రొమ్ము పట్టుకున్నట్టే కదులుతాయి. మోచేతుల మీది పచ్చబొట్లు ముడతల్లోకి దిగి, అవి ఏ బొమ్మలో ఆమెకే తెలియకుండా పోయింది. చెవుల రంధ్రాల్లో చిటికెనవేలు పడుతుంది. వాటికి ఉండిన బంగారు గెంటీలు మనవడు వంశీ ఇంజనీరింగులో చేరిన ఏడు పోయాయి.

మొగుడు పోయిన మరుసటి ఏడు, పత్తి ఏరిన కూలితో పరకాల అంగడిలో ఆమె ఒక బర్రెను కొన్నది. దాని బిడ్డల బిడ్డలకు పుట్టింది బొల్లి. ఆ పాల మీదనే కొడుకు కుమారస్వామి పెరిగాడు, పెళ్లి చేసుకున్నాడు, కౌలుకు పత్తి వేశాడు. ఇప్పుడు ఆ పాల మీద వంశీ హన్మకొండలో రూం తీసుకొని చదువుతున్నాడు.

పొద్దటి పాలన్నీ పాలకేంద్రానికి పోతాయి. మాపటి పాలల్లో సగం పోతాయి. మిగిలిన సగాన్ని కోడలు వినోద పిడకల నిప్పు మీద ఎర్రగా కాగబెట్టి తోడువేస్తుంది. తెల్లారి ఆ పెరుగు టిఫిన్ డబ్బాలోకి ఎక్కి, మొదటి బస్సులో హన్మకొండకు పోతుంది. పిల్లలు రూముల్లో అన్నం ఒక్కటి వండుకుంటారు, కూర, పెరుగు ఊరి నుంచి బస్సు మీద వెళ్తాయి. హన్మకొండలో చదివే పిల్లలున్న ఇళ్లన్నింటిదీ ఊళ్లో అదే పద్ధతి. వంశీ చదువు మొదలైనప్పటి నుంచి ఈ ఇంట్లో చాయలో పాలు లేవు. కందిపప్పు ఆదివారం ఒక్కపూట. నూనె ప్యాకెట్టును వినోద సీసాలో పోసుకొని, సీసా మూతతో కొలిచి కూరలో వేస్తుంది. తన పింఛను ఎటు పోతుందో సమ్మమ్మ అడగదు. తమలపాకులు మానేసింది. ఇంట్లో ఏది తగ్గినా దానికి చెప్పే పేరు ఒక్కటే, పిల్లగాని సదువు.

పాలచెంబు గడప మీద పెట్టేసరికి వినోద డబ్బా సర్దుతోంది. అడుగు గిన్నెలో బెండకాయ కూర, పై గిన్నెలో పెరుగు. పెరుగు మీద ఇటుకరంగు మీగడ మందంగా కట్టింది.

"అత్తా, మీగడ కదిలిస్తవేమో, జర దూరం జరుగు."

"నేను దాన్ని ముట్టి ఎన్నేండ్లయిందో. నా దిక్కు సూస్తె అదే బెదురుతది" అంది సమ్మమ్మ. డబ్బా మూత తీసుకొని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఏందే ఇది, నిమ్మకాయ వాసనొస్తాంది?"

"పిల్లగాడు కడిగి పంపుతాండు. నాకు పని తక్కువ కావాల్నని."

"తాగిన గిలాస తియ్యనోడు డబ్బా తోముతాండా?"

"పెద్దగయిండత్తా. బుద్ధి రాదా?"

సమ్మమ్మ మూత మళ్లీ వాసన చూసింది. 

కుమారస్వామి అరుగు మీద నల్లచాయ తాగుతున్నాడు. ఎముకలు తేలిన భుజాలు, వాటి మీద ఎప్పుడూ ఉండే తువ్వాల. గ్లాసులోకి చూస్తూ అన్నాడు, "ఎల్లుండి వస్తడట, వెంకట్రాజం. డెయిరీ ఆయన. బొల్లిని, దాని కింది దుడ్డెను తోలుకపోతడు. బయానా పట్టిన."

సమ్మమ్మ చేతులు కడుక్కుంటున్నదల్లా ఆగింది.

"నన్ను అడిగినవా?"

"అడిగితే ఇయ్యనంటవు."

"ఎందుకు ఇయ్యనంటనో అదన్న అడిగినవా?"

"పిల్లగానికి లాప్‌టాప్ కావాలె. క్లాసుల అందరికున్నది. మనోడే పక్కోని దాంట్లకు తొంగి సూస్తాండు."

"తొంగి సూస్తె సదువు రాదా? నువ్వు పలక మీద మొఖం పెట్టి సదివినవు, నీకేమచ్చింది?"

కుమారస్వామి చాయ ఒక గుక్క తాగాడు. అతను ఇంట్లో గెలిచేది అలాగే. ఎదుటివాళ్లు అరిచి అలసిపోయేదాకా గ్లాసులోకి చూస్తాడు.

ఆమెకు ఒళ్లు మండింది. తన చెవులవి తీసిచ్చినప్పుడు మండలేదు. పింఛను తీసిచ్చినా మండలేదు. బొల్లి పొదుగు ఈ ఇంటికి ఎన్ని రకాలుగా పనిచేస్తున్నదో పొద్దూమాపు దాని కింద కూర్చునే తనను ఎవరూ ఒక్కమాట అడగలేదు. ధర కట్టేటప్పుడు దాని పళ్లు చూసి ఉంటారు. తన మొహం చూడలేదు.

"ఇయ్యాల డబ్బా నేనే పట్టుకపోత" అంది.

"యాడికి?"

"హన్మకొండకు. ఆడోళ్లకు బస్సు ఉత్తదే గద. సర్కారు ఇన్నొద్దులకు ఒక్కటిచ్చింది, వాడుకోనియ్."

కుమారస్వామి తలెత్తాడు. కొంచెంసేపు ఆమెనే చూశాడు. "మల్ల ఎప్పుడొస్తవ్?" అని అడిగాడు.

కొడుకు ఆమెను ఆ మాట అడిగి చాలాకాలమైంది. ఆమె మెత్తబడింది. "మాపటి బస్సుకు వస్త తియ్. పాలు పిండే యాల్లకు ఉంట" అంది.

బస్సుస్టేజీ దగ్గర సిమెంటు బల్ల మీద డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒకదానికొకటి మారిపోకుండా ఒక్కో డబ్బా పిడికి ఒక్కో ఇంటి పాతచీర పేలిక కట్టి ఉంటుంది. సమ్మమ్మ ఇంటిది ఆకుపచ్చ పేలిక. డబ్బాలు తెచ్చిన ఆడవాళ్లు మాట్లాడుకుంటూనే ఎవరిది ఎన్ని గిన్నెల డబ్బానో కళ్లతో చూసుకుంటారు. ఒకరోజు ఒక ఇంటి డబ్బా రాకపోతే సాయంత్రానికి ఊళ్లో ఆ ఇంటి సంగతి మాట్లాడుకుంటారు.

పక్కింటి యాకమ్మ నవ్వింది. "ఏం పెద్దవ్వా, డబ్బాతోపాటు నువ్వు గూడ పార్సిల్ అయితానవా?"

"నన్నెవలు విడిపించుకుంటరే" అంది సమ్మమ్మ. బస్సెక్కింది.

డ్రైవరు డబ్బాలన్నీ తన పక్కన పేర్చుకున్నాడు. ఆకుపచ్చ పేలికది మాత్రం ఆమె ఇవ్వలేదు, ఒడిలో పెట్టుకుంది. కండక్టరు ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చింపి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడివేసింది. దారి పొడుగునా పెద్ద పెద్ద బోర్డుల మీద కాలేజీల పేర్లు, ర్యాంకులు, ఎవరి పిల్లలో పళ్లు బయటపెట్టిన నవ్వులు. ఒక్క బోర్డు మీద కూడా ఆ పిల్లల అమ్మల బొమ్మ లేదు, బర్రె బొమ్మ లేదు.

హన్మకొండలో ములుగు రోడ్డు దగ్గర డ్రైవరు డబ్బాలను రాజమౌళి హోటల్లో దించాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ పేలికలు గుర్తుపట్టి తీసుకుపోయారు. సమ్మమ్మ బల్ల మీద కూర్చుని ఎదురుచూసింది. చివరి డబ్బా కూడా పోయింది. వంశీ రాలేదు.

ఎండ బల్ల మీదికి వచ్చింది. హోటలాయన రాజమౌళి లావుపాటి మనిషి, చొక్కా గుండీలు పొట్ట దగ్గర విప్పుకొని ఉన్నాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. "అవ్వా, ఎండకు పడిపోతవు, జర సల్ల తాగు. ప్యాకెట్‌ది కాదు. ఇంటి బర్రె పెరుగుతోని చేసిన సల్ల" అని గ్లాసు పెట్టాడు.

ఆమె ఎత్తి తాగింది. ఒక గుక్క మింగి, రెండోది నోట్లోనే పట్టుకుంది.

చల్లలో పిడకల పొగ వాసన ఉంది. గ్లాసు అంచున ఇటుకరంగు మీగడ తునక అంటుకుంది. ఇంటిదగ్గర ఆమెకు దొరికేది పెరుగు తీసిన గిన్నె కడిగిన నీళ్లు. ఆ నీళ్లల్లో కూడా ఈ వాసనే ఉంటుంది.

నోట్లోది మింగింది. "ఎక్కడిది నీకీ పెరుగు?"

"పరకాల దిక్కు నుంచి వస్తది."

"ఎంతకమ్ముతానవ్?"

"ఇరవై రూపాయలకు గిలాస. నీ దగ్గర తీసుకోన్ తియ్ అవ్వా."

ఆమె ఒడిలోని డబ్బాను బల్ల మీద పెట్టింది. రాజమౌళి ఆకుపచ్చ పేలిక చూశాడు. ఒక గుండీ పెట్టుకున్నాడు.

"డబ్బా తోమేది నువ్వేనా?"

"నేనే అవ్వా" అన్నాడు. "పిల్లగాని తప్పు లేదు. కాలేజీ బస్సు ముందు పోతది, మీ ఊరి బస్సు ఎన్క వస్తది. వాడు మాపటికి వచ్చేసరికి పెరుగు పులుస్తది. 'కాకా, నువ్వు వాడుకో, కడిగి పంపు, నిండు డబ్బా వాపసు పోతే మా అమ్మ ఫికర్ పడ్తది' అన్నడు. ఊకె తీసుకుంటలేను. మాపు ఆ కూరతోని అన్నం పెడ్తాన వానికి."

"ఎన్నొద్దుల సంది?"

"పోయిన ఎండకాలం సంది."

ఎండాకాలం నుంచి. వినోద ఎండాకాలంలో నీళ్ల చల్లలో ఉల్లిగడ్డ కొరుక్కొని కూలికి పోయింది. కుమారస్వామి జ్వరం వచ్చి పడుకున్నప్పుడు కూడా తోడువేసిన గిన్నె మీది మూత తీయలేదు. ఇంట్లో మూడు నోళ్లకు అందనిది ఇక్కడ దారిన పోయేవాడెవడైనా ఇరవై రూపాయలిచ్చి తాగుతున్నాడు.

"వాడేడి?"

"పరీక్షల సెలవులు గద. అగో, ఎదురుంగ జిరాక్స్ దుకాణం. పొద్దంత ఆన్నే ఉంటాండు." అతను డబ్బా అందుకోబోయాడు.

"ముట్టకు" అంది సమ్మమ్మ. "ఇయ్యాలటిది ఇయ్య."

ఆమె రోడ్డు దాటింది. దుకాణంలో వంశీ మిషను ముందు నిలబడి కాగితాలు అందిస్తున్నాడు. కొత్తగా వచ్చిన గడ్డం, చెవి మీద పెన్ను. వేళ్లకు నల్లరంగు. మిషను వెలుతురు మొహం మీద పడి పోతోంది, పడి పోతోంది. ఆమెను చూసి వాడి చేతిలోని కాగితాలు చెదిరాయి.

"బాపమ్మా, ఇంట్ల ఏమన్నయిందా?"

"కాలే. అవుతాంది. నీ పేరు మీద బర్రె పోతాంది."

వాడు బయటకు వచ్చాడు. మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"నేను వద్దన్న బాపమ్మా."

"ఏం వద్దన్నవ్?"

"బర్రెను అమ్మద్దన్న. ఈ దుకాణపాయన మధన్న తన పాత లాప్‌టాప్ ఇస్తనన్నడు. నెలనెలా నా జీతంల పట్టుకుంటడు. గదే చెప్పిన బాపుకు. 'నా కొడుకు ఒకని దుకాణంల కాగితాలు తీసుడేంది, నలుగురు సూస్తె నా ఇజ్జత్ ఏం గావాలె' అన్నడు. ఫోన్ కట్ చేసిండు."

"ఎప్పుడు?"

"నెల దాటింది."

సమ్మమ్మకు పొద్దున గ్లాసులోకి చూస్తూ కొడుకు చెప్పిన మాట గుర్తొచ్చింది. పక్కోని దాంట్లకు తొంగి సూస్తాండు. అన్నీ తెలిసి చెప్పిన మాట అది. నెలరోజులుగా అదే గ్లాసు, అదే నల్లచాయ, అదే మౌనం. పిల్లగాని మీద కట్టుకొని వచ్చిన కోపం అంతా ఒక్కసారి ఊరివైపు తిరిగింది.

అయినా వాడి నెత్తి మీద వేలి కణుపుతో ఒకటి మొట్టింది. "డబ్బా సంగతి ఎందుకు చెప్పలే?"

"అమ్మ ఏడుస్తది."

"ఏడ్వనియ్. ఒక్కపూట ఏడ్చి ఊకుంటుండె. గాడ ముగ్గురం సల్లకు మొగం వాచి ఉన్నంరా. నీ అమ్మ నడుం బొక్కలు బయటికొచ్చినయి. నువ్వు కడిగిన డబ్బా పంపి మమ్ముల సంబురపెడ్తానవు."

వాడు తల వంచుకున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి, సున్నా టికెట్టు తీసి మళ్లీ ముడి వేసుకుంది. చేతులకు ఏదో ఒక పని కావాలి.

"ఫోన్ చెయ్ మీ బాపుకు. నేను మాట్లాడ్త."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేశాడు. ఎత్తలేదు.

"చేన్ల ఉండచ్చు" అన్నాడు వంశీ. "బాపమ్మా, నువ్వు చెప్తె ఇంటడు. ఎల్లుండి దాక టైం ఉన్నది గద. నేను గూడ రేపు ఊరికొస్త."

ఆమె మాపటి బస్సు కోసం ఆగలేదు. ఎండలోనే, ఊరి మీదుగా పోయే పరకాల బస్సు ఎక్కింది. ఒడిలో డబ్బా అలాగే ఉంది.

ఊళ్లో దిగి సందు మలుపు తిరిగేసరికి ఇంటి ముందు ట్రాలీ ఆటో కనబడింది. వెనక తలుపు దించి, చెక్క వేసి ఉంది. దుడ్డె అప్పటికే పైన ఉంది, కాళ్లు వణికిస్తూ అరుస్తోంది. బొల్లి ముందుకాళ్లు రెండూ చెక్క మీద ఉన్నాయి. కుమారస్వామి వెనక నుంచి భుజం పెట్టి తోస్తున్నాడు.

పొద్దున కొడుకు ఎప్పుడొస్తవని ఎందుకు అడిగాడో అప్పుడు ఆమెకు తెలిసింది.

"ఎల్లుండంటివి" అంది.

కుమారస్వామి భుజం తీశాడు. ఆమె వైపు చూడలేదు. "ఆయనకు ఇయ్యాల బండి దొరికిందట."

వెంకట్రాజం తెల్ల అంగీ మీద గడ్డిపోచలు దులుపుకుంటూ అయోమయంగా చూశాడు. అతనికి ఏ సంగతీ తెలియదు. "నువ్వే గద స్వామీ పొద్దుగాల ఫోన్ చేస్తివి, అవ్వ ఊళ్లె లేదు, జల్ది రా అని."

 వాకిట్లో వినోద కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది.

"పిల్లగాడు వద్దన్నడట గద" అంది సమ్మమ్మ.

"వాడంటడు. వానికేం తెల్సు."

"కాగితాలు తీసుడు తప్పా? నేను దొరోళ్ల కొట్టంల పెండ తీసిన. ఆ కూలితోనే నువ్వు బడిల కూసున్నవు. నీ ఇజ్జత్ అప్పుడు యాడ వోయింది?"

కుమారస్వామి ఇప్పుడు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అందుకేనే అవ్వా" అన్నాడు. "అందుకే."

 ఆ మాటకు ఆమె కోపం రెట్టింపయింది. తాను పెండ తీసినందుకు సిగ్గు పడమని ఈ కొడుకును ఎవరడిగారు? తనకు లేని సిగ్గు వీడెందుకు మోయాలి, ఆ బరువు తీసుకొచ్చి బొల్లి మెడకు ఎందుకు కట్టాలి?

"పైసలు ముట్టినయి" అన్నాడతను మెల్లగా. "మాట తప్పుడు నాతోని గాదు."

"నాతోని తప్పచ్చు."

అతను తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

డ్రైవరు చెక్క సరిచేశాడు. బొల్లి దుడ్డెను చూసి తనంతట తానే ఎక్కింది. వెంకట్రాజం దాని మెడలోని తలుగు పట్టుకొని ఆటో కడ్డీకి ముడి వేయబోయాడు. పాత తలుగు అది. సమ్మమ్మ జనుముతో పేనింది. బొల్లి చెమటకు, నూనెకు నల్లబడి తోలులా అయింది.

"తలుగు ఇడువు" అంది సమ్మమ్మ.

"అవ్వా?"

"బర్రెను అమ్మినోళ్లు తలుగిత్తరా? పాడి గూడ దాని ఎంబడే పోతది. నీకు తెల్వదా?"

"ఎరికే అవ్వా. కని నేను తాడు మర్సిపోయిన. రేపటి బండి మీద మల్ల పంపుత."

"బర్రె కోసం వచ్చేటోడు తాడు మరుత్తడా? కొనుక్కరాపో."

వెంకట్రాజం కుమారస్వామి వైపు చూశాడు. కుమారస్వామి నేల వైపు చూశాడు. చివరకు డ్రైవరు కిరాణం దుకాణానికి నడిచాడు.

అతను వచ్చేదాకా సమ్మమ్మ డబ్బా కింద పెట్టి, ట్రాలీ పక్కన నిలబడి బొల్లి చెవి లోపలి గోమారి పురుగులను ఏరింది. ఒక్కొక్కదాన్నీ తీసి కడ్డీకేసి నలిపింది. బర్రె చెవి వంచి ఇచ్చింది. అది రోజూ ఇచ్చేటట్టే ఇచ్చింది. ఆమె కంట్లో నీళ్లు రాలేదు. దవడ ఒక్కటే కదులుతోంది, లేని పళ్లు కొరుకుతున్నట్టు.

డ్రైవరు నీలంరంగు నైలాను తాడు తెచ్చాడు. అది కట్టిన తర్వాత సమ్మమ్మ తలుగు ముడి పట్టుకుంది. పాతముడి. వంగిన బొటనవేళ్లకు అందడం లేదు.

"ఇటియ్యే అవ్వా, నేనిప్పుత" అన్నాడు కుమారస్వామి.

"నీ చెయ్యి పెట్టకు."

అందరూ నిలబడి ఉన్నారు. దుడ్డె అరుస్తోంది. చాలాసేపటికి ముడి వదిలింది.

ఆటో కదిలి సందు మలుపు తిరిగింది. బొల్లి వెనక్కి తిరిగి చూడడానికి లేదు, మెడను రెండువైపులా కట్టారు. దుడ్డె అరుపు కొంచెంసేపు వినిపించింది. తర్వాత లారీ హారన్లు.

సమ్మమ్మ కొట్టంలోకి వెళ్లి తలుగును గుంజకు వేసి వచ్చింది. డబ్బా తెచ్చుకొని అరుగు మీద కూర్చుని, ఆకుపచ్చ పేలిక విప్పి మూత తీసింది. పొద్దటి నుంచి బస్సుల్లో తిరిగినా మీగడ చెదరలేదు. చేయి పెట్టింది.

"అత్తా" అంది వినోద. అలవాటుగా వచ్చిన మాట అది. అక్కడే ఆగిపోయింది.

"ఏందే? పిల్లగానికి దాస్తవా? హోటలాయన సల్ల చేసి అమ్ముకుంటాండు మన పెరుగును. పోయిన ఎండకాలం సంది. నీ కొడుకు తోమలే డబ్బా. పరాయోడు తోమిండు."

వినోద గడపకు ఆనుకొని అలాగే కిందకు జారి కూర్చుంది. సమ్మమ్మ మీగడ ముద్ద తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"తిను. ఏడిస్తె తర్వాత ఏడువు."

కోడలు తిన్నది. అత్త తిన్నది. ఇద్దరూ గిన్నె అంచులు వేలితో తుడిచి మరీ తిన్నారు. కుమారస్వామి వాకిట్లో నిలబడ్డాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. కాసేపటికి అతను ఖాళీ డబ్బాను తీసుకొని బోరింగు దగ్గరికి వెళ్లి, కూర్చుని, ఇసుక వేసి తోమడం మొదలుపెట్టాడు. తోముతూనే ఉన్నాడు.

పొద్దు వాలింది. పాలు తెమ్మని పాలకేంద్రం మైకు పాట వేసింది. సమ్మమ్మ లేచి చెంబు కడిగింది, కొంగు బొడ్లో దోపింది, కొట్టంలోకి వెళ్లింది. రోజూ కూర్చునే చోట రెండు మోకాళ్లూ మడిచి సగం దాకా కూర్చుని, అలాగే ఆగిపోయింది.

ఎదురుగా గుంజకు తలుగు వేలాడుతోంది. ముడి విప్పినా దాని వంపు పోలేదు, బొల్లి మెడ ఎంత ఉండేదో అంత.